లేజర్ కళ్లద్దాలు కొనేముందు: రంగు కాదు, అంకెలు చూడండి

చెక్క, లోహం లాంటివాటి మీద లేజర్‌తో బొమ్మలు, అక్షరాలు చెక్కే యంత్రాన్ని, అంటే లేజర్ ఎన్‌గ్రేవర్‌ను కొంటే పెట్టెలో యంత్రంతో పాటు ఒక జత రంగు కళ్లద్దాలు రావడం మామూలే. చాలాసార్లు వాటి మీద తయారీదారు పేరుండదు, ఒక్క అంకె ఉండదు, వెంట ఒక్క కాగితం ముక్క కూడా ఉండదు. రంగు అద్దాలే కదా, లేజర్ కోసమే ఇచ్చారు కదా అని పెట్టుకుని పని మొదలుపెట్టేస్తాం. అవి మంచివే కావచ్చు. కానీ మంచివని చెప్పే ఆధారం మన చేతిలో ఏమీ లేదు. కంటి విషయంలో అలా సరిపెట్టుకోకూడదు.

అసలు "లేజర్ కళ్లద్దాలు" అని అన్నిటికీ పనికొచ్చే వస్తువు ఏదీ లేదు. ఫలానా తరంగదైర్ఘ్యానికి (కాంతి రకాన్ని చెప్పే, నానోమీటర్లలో కొలిచే అంకె), ఫలానా శక్తికి సరిపోయే అద్దాలుంటాయి, అంతే. ఒక లేజర్‌ను పదిలక్షల వంతుకు తగ్గించే అద్దమే ఇంకో లేజర్‌ను దాదాపు మొత్తంగా వదిలేస్తుంది. అందుకే వెతకడం అద్దాల దగ్గర కాదు, మీ లేజర్ దగ్గర మొదలుపెట్టాలి.

కంట్లో ఏం జరుగుతుంది

400 నుంచి 1400 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కార్నియానూ (కంటి ముందున్న పారదర్శక పొర) కటకాన్నీ దాటి నేరుగా కంటి వెనక తెర అయిన రెటీనాను చేరుతుంది. ఇందులో 400 నుంచి 700 దాకా మనకు కనిపించే కాంతి, ఆ పైది కనిపించని పరారుణం. భూతద్దం ఎండను కాగితం మీద చుక్కగా పోగుచేసినట్టే కంటి కటకం ఈ కాంతిని రెటీనా మీద పోగుచేస్తుంది. లేజర్ కిరణం దాదాపు సమాంతరంగా వస్తుంది కాబట్టి ఆ చుక్క 10, 20 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. కనుపాప దగ్గర ఉన్న తీవ్రత రెటీనా మీదికి వచ్చేసరికి సుమారు లక్ష రెట్లవుతుంది. కొన్ని మిల్లీవాట్ల వెలుగు కూడా కంటికి ప్రమాదం కావడానికి కారణం ఇదే.

రెటీనాకు నొప్పి తెలియదు. కాలినా మంట ఉండదు, నీళ్లు కారకపోవచ్చు. దెబ్బ చూపు కేంద్రానికి కాస్త పక్కన తగిలితే, ఆ మచ్చను మెదడు చుట్టుపక్కల దృశ్యంతో పూడ్చేస్తుంది కాబట్టి వెంటనే తెలియను కూడా తెలియదు. చచ్చిపోయిన రెటీనా కణాలు మళ్లీ పుట్టవు. చర్మం మీద కాలిన గాయం మానినట్టు ఇది మానుతుందని అనుకోవడానికి లేదు.

ఈ పరిధికి అవతల సంగతి వేరు. 1400 నానోమీటర్లు దాటిన కాంతిని కంటి ముందుభాగంలోని నీరు పీల్చేసుకుంటుంది. 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ రెటీనా దాకా పోదు, కార్నియానే కాలుస్తుంది. 400కు తక్కువైన అతినీలలోహిత కాంతి కార్నియాకు, కటకానికి హాని చేస్తుంది. వీటివల్ల రెటీనా కాలకపోయినా కంటికి అపాయమే.

"కాంతి ఎక్కువైతే రెప్ప వాలుతుంది కదా" అనే ధీమా చాలామందికి ఉంటుంది. ఆ మాటలో కొంత నిజముంది. రెప్ప వాలి, తల తిప్పుకోవడానికి పట్టే సమయాన్ని పావు సెకనుగా లెక్కగట్టే, ప్రమాదాన్ని బట్టి లేజర్లకిచ్చే తరగతుల్లో 2వ తరగతి లేజర్లకు ఒక మిల్లీవాట్ హద్దు పెట్టారు. ఇంట్లో వాడే ఎన్‌గ్రేవర్లు దానికి వేల రెట్లలో ఉంటాయి. పావు సెకను దాకా అక్కర్లేదు, అంతకన్నా ఎంతో ముందే జరగాల్సిందంతా జరిగిపోతుంది. పైగా 808, 1064 నానోమీటర్ల పరారుణ కాంతి కనిపించదు కాబట్టి దానికి రెప్ప అసలే వాలదు.

ఎంత వెలుగుగా కనిపిస్తే అంత ప్రమాదం అనుకోవడం ఇంకో పొరపాటు. ఒకే శక్తి ఉన్న 405 నానోమీటర్ల ఊదా లేజర్, 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ పక్కపక్కన పెడితే ఊదాది చాలా మసకగా కనిపిస్తుంది. మన కన్ను ఆ రంగును సరిగా పట్టుకోలేకపోవడమే కారణం. రెటీనా మీద పడే శక్తి మాత్రం తగ్గలేదు. పైగా ఊదా, నీలి కాంతులు వేడితోనే కాక రసాయనిక మార్పులతో కూడా రెటీనాను దెబ్బతీస్తాయి. ఆ రెండో రకం దెబ్బ సెకన్లు, నిమిషాల పాటు కొంచెం కొంచెంగా పోగవుతుంది.

ముందు మీ లేజర్‌ను చదవండి

కావాల్సినవి రెండు అంకెలు: తరంగదైర్ఘ్యం, బయటికొచ్చే కాంతి శక్తి. ఆ తర్వాత ఒక ప్రశ్న, కిరణం నిరంతరంగా వస్తుందా, పల్సులుగా (ఆగి ఆగి, చిన్న తునకలుగా) వస్తుందా?

శక్తి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ప్రకటనలో "40 వాట్లు" అని పెద్ద అక్షరాల్లో ఉన్న యంత్రం నిజానికి 40 వాట్ల కరెంటు తీసుకుని 5 వాట్ల కాంతి ఇచ్చేది కావచ్చు. నిజంగా 40 వాట్ల కాంతి ఇచ్చే డయోడ్ (చిన్న చిప్ నుంచి లేజర్ పుట్టించే) యంత్రాలూ ఇప్పుడున్నాయి. వివరాల్లో "ఆప్టికల్ పవర్" లేదా "లేజర్ అవుట్‌పుట్" అని ఏదుందో చూడండి. స్పష్టంగా లేకపోతే పెద్ద అంకెనే నిజమనుకుని అద్దాలు ఎంచుకోండి. ఇక్కడ ఎక్కువగా అంచనా వేసినా నష్టం లేదు.

అభిరుచి కోసం వాడేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేవి ఇవి. డయోడ్ ఎన్‌గ్రేవర్ల నీలి కాంతి 445 నుంచి 455 నానోమీటర్ల మధ్య ఉంటుంది. లోహం మీద గుర్తులు వేసే ఫైబర్ లేజర్లు, చిన్న పరారుణ మాడ్యూళ్లు 1064 దగ్గర, గాజు ట్యూబ్ ఉన్న కార్బన్ డయాక్సైడ్ యంత్రాలు 10,600 దగ్గర పనిచేస్తాయి. కొన్ని యంత్రాల్లో నీలి డయోడ్, 1064 మాడ్యూల్ రెండూ ఉంటాయి. అలాంటప్పుడు అద్దాలు రెండింటినీ ఆపాలి, లేదా యంత్రంలో ఒక లేజర్ నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా అద్దాలూ మార్చాలి. రెండో పద్ధతిని నేను నమ్మను. పనిలో మునిగినప్పుడు ఎవరైనా మరిచిపోతారు.

ఆకుపచ్చ లేజర్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చవకైన 532 నానోమీటర్ల పాయింటర్లలో 808 నానోమీటర్ల డయోడ్ ఒక స్ఫటికాన్ని వెలిగిస్తుంది, అది 1064 ఇస్తుంది, దాన్ని ఇంకో స్ఫటికం సగం చేసి 532గా మారుస్తుంది. చివర్లో పరారుణాన్ని ఆపే చిన్న ఫిల్టర్ ఉండాలి. ఖర్చు తగ్గించడానికి దాన్ని తీసేస్తే ఆకుపచ్చతో పాటు కనిపించని కాంతి కూడా బయటికొచ్చేస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2010లో ప్రచురించిన నివేదికలో, 10 మిల్లీవాట్లదని అమ్మిన ఒక ఆకుపచ్చ పాయింటర్ దాదాపు 20 మిల్లీవాట్ల పరారుణాన్ని వదిలినట్టు తేలింది. అదే సంస్థ 2013లో 122 పాయింటర్లను పరీక్షిస్తే ఆకుపచ్చ వాటిలో దాదాపు 90 శాతం, ఎరుపు వాటిలో సుమారు 44 శాతం అక్కడి నిబంధనలకు లోబడి లేవు. కాబట్టి పాయింటర్ మీద రాసిన మిల్లీవాట్లను నమ్మి లెక్క వేయకండి. ఆకుపచ్చ లేజర్‌తో ప్రయోగాలు చేసేవాళ్లు 532తో పాటు 808, 1064లను కూడా ఆపే అద్దాలే కొనాలి.

ఓడీ అంటే ఎంత

అద్దం ఎంత కాంతిని ఆపుతుందో చెప్పే కొలత ఆప్టికల్ డెన్సిటీ, క్లుప్తంగా ఓడీ. ఇది పదుల లెక్క. ఓడీ 1 అంటే పదో వంతు మాత్రమే లోపలికొస్తుంది, ఓడీ 2 అంటే వందో వంతు, ఓడీ 4 అంటే పదివేలో వంతు, ఓడీ 6 అంటే పదిలక్షల వంతు. 4కీ 6కీ తేడా రెండే కదా అనిపిస్తుంది గానీ అది వంద రెట్లు. ఇంకో ముఖ్య విషయం, ఓడీ ఎప్పుడూ ఒక తరంగదైర్ఘ్యానికి చెప్పేదే. ఏ తరంగదైర్ఘ్యం దగ్గరో చెప్పకుండా ఉత్త "ఓడీ 6+" అని రాస్తే దానికి అర్థం లేదు.

5 వాట్ల నీలి డయోడ్‌నే తీసుకుందాం. చీకట్లో పూర్తిగా విచ్చుకున్న కనుపాప వ్యాసం 7 మిల్లీమీటర్లని ప్రమాణాలు అనుకుంటాయి. దాని గుండా పావు సెకను పాటు వెళ్లినా ఫర్వాలేదనుకునే శక్తి ఒక మిల్లీవాట్. మన దగ్గరున్నవి 5000 మిల్లీవాట్లు. అంటే 5000 రెట్లు తగ్గించాలి, లెక్క కడితే ఓడీ 3.7 వస్తుంది. పై అంకెకు సవరిస్తే 4. చాలామంది విక్రేతలు "ఓడీ 4+" అని రాసేదానికి ఇది సరిపోయినట్టే కనిపిస్తుంది.

కానీ ఎన్‌గ్రేవింగ్ పావు సెకనులో అయిపోయే పని కాదు. గంటల తరబడి పక్కనే కూర్చుంటాం. నీలి కాంతి చేసే రసాయనిక హాని దృష్ట్యా 400 నుంచి 450 నానోమీటర్ల మధ్య ఎక్కువసేపటికి సురక్షితమనుకునే హద్దు 0.039 మిల్లీవాట్లే. 5000ను దానితో భాగిస్తే సుమారు 1,28,000 వస్తుంది. అంటే ఓడీ 5.1. 10 వాట్లకు 5.4, 20 వాట్లకు 5.7. నేరు కిరణం అంతసేపు ఎవరి కంట్లోనూ పడదు, పడకూడదు. అయినా ఎంచుకునేటప్పుడు ఘోరమైన పరిస్థితినే లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి నీలి డయోడ్ ఎన్‌గ్రేవర్‌కు ఓడీ 6 అడగడం అతి జాగ్రత్త కాదని నా అభిప్రాయం.

చెదిరిన కాంతి సంగతి

"నేను కిరణంలోకి చూడను, పక్కనుంచి చూస్తాను" అనేవాళ్ల కోసం ఇంకో లెక్క. 10 వాట్ల లేజర్ తెల్లని గరుకు ఉపరితలం మీద పడి అన్ని వైపులకూ చెదిరిందనుకుందాం. ఎదురుగా 30 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు సుమారు 3.5 మిల్లీవాట్లు పడతాయి. పావు సెకనుకు కూడా పరిమితి 2.5. అంటే బోర్లా వంగి చూస్తే చెదిరిన కాంతే రెప్పపాటు హద్దును దాటేసింది. అర మీటరు దూరం జరిగితే అది 1.3కు తగ్గుతుంది, హమ్మయ్య అనిపిస్తుంది. కానీ ఎక్కువసేపు చూసే నీలి కాంతికి పరిమితి 0.1. అర మీటరు దూరంలో కూడా దానికి పన్నెండు రెట్లు మించి పడుతోందన్నమాట. చెక్క అంత కాంతిని వెనక్కి పంపదు, నిజమే. మెరిసే లోహపు ముక్క అయితే అసలు చెదరగొట్టకుండా కిరణాన్ని కిరణంగానే ఇంకో వైపు తిప్పేస్తుంది. 500 మిల్లీవాట్లు దాటిన లేజర్లను 4వ తరగతిలో పెట్టి, వాటి చెదిరిన కాంతి కూడా ప్రమాదమని హెచ్చరించేది ఇందుకే.

వెలిగే ఆ చుక్కను చూస్తూ ఉండాలని అందరికీ ఉంటుంది. అది అద్దాలు పెట్టుకున్నా మంచి అలవాటు కాదు. కెమెరా పెట్టుకుని తెర మీద చూడండి.

అద్దం మీద ఏం రాసుండాలి

ఓడీ ఎంత ఆపుతుందో చెబుతుంది గానీ, కిరణం నేరుగా తగిలితే అద్దం ఎంతసేపు నిలుస్తుందో చెప్పదు. ప్లాస్టిక్ ఫిల్టర్ కరిగి చిల్లు పడితే ఓడీ ఎంతైతే ఏం? ఐరోపా ప్రమాణం ఈఎన్ 207 ఈ ప్రశ్నకు జవాబిస్తుంది. అద్దం మీద కిరణాన్ని 5 సెకన్ల పాటు పడనిచ్చి, అప్పుడు కూడా ఆపుతోందా అని చూసి ఎల్‌బీ అంకె ఇస్తారు. ఎల్‌బీ5 అంటే ఓడీ 5, దానితో పాటు నేరు దెబ్బను తట్టుకోవడం. నిరంతర కిరణానికి, 315 నుంచి 1400 నానోమీటర్ల మధ్య, ఎల్‌బీ5 చదరపు మీటరుకు పది లక్షల వాట్లదాకా, ఎల్‌బీ6 కోటి వాట్లదాకా తట్టుకోవాలి. 10 వాట్ల కిరణం 3 మిల్లీమీటర్ల వెడల్పులో వస్తే చదరపు మీటరుకు సుమారు 14 లక్షల వాట్లు. అంటే ఇక్కడ కూడా 6 కావాల్సి వస్తోంది.

ఎల్‌బీతో పాటు తరంగదైర్ఘ్యం, కిరణం రకాన్ని చెప్పే ఒక అక్షరం ఉంటాయి. డీ అంటే నిరంతర కిరణం, ఐ అంటే పొడుగు పల్సు, ఆర్ అంటే నానోసెకన్ల పల్సు, ఎం అంటే అంతకన్నా పొట్టివి. నీలి డయోడ్‌కు డీ చాలు. 20 వాట్ల ఫైబర్ లేజర్ సెకనుకు 20,000 పల్సులు కొడుతుంటే ఒక్కో పల్సులో ఒక మిల్లీజౌల్ ఉంటుంది. ఆ పల్సు 100 నానోసెకన్లలో ముగిస్తే ఆ క్షణానికి శక్తి 10,000 వాట్లు. సగటు 20 వాట్లే కదా అని డీ ఒక్కటే ఉన్న అద్దాలు తీసుకోకూడదు, ఆర్ కూడా ఉండాలి.

ఎల్‌బీ కాకుండా ఆర్‌బీ అని ఉంటే ఆగండి. అది ఈఎన్ 208 ప్రకారం కిరణాన్ని సరిచేసేటప్పుడు వాడే అద్దం. కనిపించే లేజర్‌ను 2వ తరగతి స్థాయికి తగ్గించి చుక్క కనిపించేలా ఉంచుతుంది. పూర్తి రక్షణ దాని పని కాదు.

అమెరికా పద్ధతి అద్దాల మీద ఎల్‌బీ లేకపోవచ్చు, కానీ తరంగదైర్ఘ్యం, ఆ దగ్గర ఓడీ రెండూ అద్దం మీదో ఫ్రేమ్ మీదో ఉండాలి. ఏ ప్రమాణమైనా చెరిగిపోయే స్టిక్కర్ కాకుండా ముద్ర ఉండాలి, తయారీదారు పేరు ఉండాలి, అడిగితే ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత ఆపుతుందో చూపే గ్రాఫ్ ఇవ్వగలగాలి. ఐరోపా నియమాలకు లోబడిందని చెప్పే సీఈ గుర్తు ఒక్కటే ఉంటే సరిపోదు, ఆ రెండక్షరాలు ఎవరైనా అచ్చువేసుకోగలరు. "190 నుంచి 2000 నానోమీటర్లు, అన్ని లేజర్లకూ" అని రాసి, లోపలికి చూస్తే అన్ని రంగులూ చక్కగా కనిపించే అద్దాలను నేనైతే ముట్టుకోను. కనిపించే కాంతినంతా ఆపేస్తే ఏమీ కనిపించకూడదు కదా.

రంగు చెప్పేది, చెప్పనిది

నీలాన్ని ఆపే అద్దం నారింజ రంగులో కనిపించడం సహజం, నీలం పోతే మిగిలేది ఆ రంగే. కానీ నారింజ రంగున్నదల్లా నీలాన్ని ఓడీ 6 దాకా ఆపుతుందని కాదు. ఓడీ 1 ఉన్నా, 6 ఉన్నా కంటికి రెండూ నారింజే. ఆ నారింజ అద్దమే 1064ను హాయిగా వదిలేయవచ్చు. మరోవైపు కార్బన్ డయాక్సైడ్ లేజర్ల అద్దాలు నీళ్లలా తెల్లగా ఉంటాయి, వాటిని చూసి మోసమనుకునేవాళ్లు ఉన్నారు. మామూలు గాజు, పాలీకార్బనేట్, యాక్రిలిక్ అన్నీ 10,600 నానోమీటర్ల కాంతిని పీల్చేస్తాయి, కాబట్టి అక్కడ రంగు అవసరమే లేదు. అయితే అదే తెల్ల పాలీకార్బనేట్ నీలి డయోడ్ ముందు ఎందుకూ కొరగాదు.

చలువ కళ్లద్దాలు కాంతిని పదో వంతుకు తగ్గిస్తే గొప్ప, అంటే ఓడీ 1. పైగా వాటి వెనక చీకటికి కనుపాప విచ్చుకుంటుంది. వెల్డింగ్ అద్దాలు కూడా వేరే పనికి చేసినవి, లేజర్ తరంగదైర్ఘ్యానికి పరీక్షించినవి కావు. చూపు కోసం వాడే కళ్లజోడు లేజర్‌కు రక్షణ కాదు, దాని మీద పట్టేలా ఉండే పెద్ద గాగుల్స్ తీసుకోవాలి. పక్కలు మూసి ఉండాలి. ఎందుకంటే వెనక ఉన్న మెరిసే వస్తువు మీంచి వచ్చే కిరణం ముందు అద్దం గుండా రాదు, చెంపపక్క సందులోంచి వస్తుంది.

ఇంకో అంకె కూడా చూడండి, మామూలు వెలుతురు ఎంత శాతం లోపలికొస్తుందో. 20 శాతం కన్నా తగ్గితే గదిలో అదనపు దీపాలు కావాలి. లేకపోతే చీకటి భరించలేక అద్దాలు నుదుటి మీదికి తోసేసుకుంటారు, ఖర్చుపెట్టి కొన్నదంతా వృథా. నారింజ అద్దాల్లోంచి నీలి సూచిక దీపాలు ఆరినట్టే కనిపిస్తాయి, యంత్రం ఆగిందని పొరబడకండి.

ఇప్పటికే ఇంట్లో ఉన్న జతను ఎలా పరీక్షించాలి

ముందు ఒక మాట: అద్దం పెట్టుకుని కిరణంలోకి చూసి పరీక్షించడం ఎప్పటికీ వద్దు. ఎన్‌గ్రేవర్ కిరణాన్ని అద్దం మీదికి గురిపెట్టడం కూడా వద్దు, అద్దం నున్నటి ముఖం మీంచి అది తిరిగి ఎటు పోతుందో తెలియదు.

అదే తరంగదైర్ఘ్యంలో ఉన్న బలహీనమైన పాయింటర్ దొరికితే, అద్దాన్ని బల్ల మీద పెట్టి వెనక ఉంచిన అట్టముక్క మీద చుక్క పడుతుందేమో చూడండి. చుక్క కనిపిస్తే ఆ జతను చెత్తబుట్టలో వేయండి, ఇంకో ఆలోచన అక్కర్లేదు. కనిపించకపోతే మాత్రం పాసైనట్టు కాదు. 5 మిల్లీవాట్ల పాయింటర్ నుంచి ఓడీ 4 దాటి వచ్చేది అర మైక్రోవాట్. అట్ట మీద అది మామూలు వెలుతురులో కనిపించదు. 4కీ 6కీ తేడాను కన్ను పట్టలేదు. అంటే ఈ పరీక్ష చెడ్డ జతను పట్టిస్తుంది, మంచి జతకు హామీ ఇవ్వదు. అంకెలు లేని జతకు హామీ ఇచ్చే ఇంటి పరీక్ష లేదు, మార్చడమే దారి.

అద్దాలు ఆఖరి వరస

ఎంత మంచి అద్దాలు కొన్నా అవి ఒక మనిషి కళ్లనే కాపాడతాయి. తలుపు తీసుకుని గదిలోకొచ్చిన పిల్లలకు, మంచం మీంచి తలెత్తి చూసే పిల్లికి అద్దాలుండవు. అందుకే మూత తెరవగానే లేజర్ ఆగిపోయే ఇంటర్‌లాక్ ఉన్న పెట్టె ఉంటే అదే మొదటి రక్షణ. దాని కిటికీకి కూడా అద్దాలకు వర్తించిన నియమాలే వర్తిస్తాయి: ఏ తరంగదైర్ఘ్యానికి, ఎంత ఓడీ? నీలి డయోడ్‌కు చేసిన నారింజ కిటికీ పెట్టె లోపల 1064 మాడ్యూల్ బిగిస్తే ఆ కిటికీ ఉన్నా లేనట్టే. పెట్టె లేని తెరిచిన చట్రంతో పనిచేస్తుంటే గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక జత ఉండాలి, లేదా ఆ సమయంలో గదిలో వాళ్లు ఉండకూడదు. మూత తీసి యంత్రం లోపలి అద్దాలు శుభ్రం చేసేటప్పుడు, కిరణం సరిచేసేటప్పుడు ఇంటర్‌లాక్‌ను దాటవేస్తారు. సరిగ్గా ఆ పది నిమిషాల కోసమే కళ్లద్దాలు కొనేది.

వాడాక వాటిని బల్ల మీద బోర్లా పడేయకుండా సంచిలో పెట్టండి. తుడవడానికి తయారీదారు చెప్పిన ద్రవమే వాడండి, కొన్ని ద్రావకాలు పాలీకార్బనేట్‌లో సన్నని పగుళ్లు తెస్తాయి. లోతైన గీత పడినా, రంగు ఒకచోట వెలిసినా, కిరణం తగిలి బొబ్బలా లేచినా ఆ జత పని అయిపోయింది. ఇంకెవరూ పొరపాటున వాడకుండా రెండు ముక్కలుగా విరిచి పారేయండి.